ఊదారంగు నీళ్ళ టబ్బు

రాసుకో. ముందే చెబుతున్నాను, ఎవరి పేరూ రాయకూడదు. మన ఊరి పేరు కూడా వద్దు. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊళ్ళలో ఒకటి అని రాయి, చాలు. చదివేవాళ్ళలో ఎవరు ఎవరికి చుట్టమో మనకేం తెలుసు? ఆ మొగుడూ పెళ్ళాం ఇప్పుడు తడ వైపు ఏదో కంపెనీలో పనికి పోయారు కాబట్టి నోరు విప్పుతున్నాను. లేకపోతే ఇది నాతోనే పోయేది.

నువ్వు ఒకటో తరగతిలో చేరిన ఏడు సంగతి. మీ నాయన రెండు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకున్నాడు. మన ఇల్లు ఆ గుంటల పక్కనే, బడి పక్క ఊళ్ళో. మీ అమ్మా నాయనా పగలంతా గుంటల మీదే ఉండేవాళ్ళు. అందుకని నిన్ను బడికి తీసుకుపోయేదీ తీసుకొచ్చేదీ నేనే. రోడ్డు మీద పోతే చుట్టు, పైగా మేత లారీలు దుమ్ము లేపుకుంటూ మీదికి వస్తాయి. అడ్డంగా పోతే పక్కవాళ్ళ గుంటల మధ్య కట్ట ఉంది. ఆ కట్ట దిగితే ఎదురుగా బడి. అక్కడ వరి పండినప్పటి నుంచీ అది అందరూ నడిచే దారే. మళ్ళు గుంటలయ్యాయి గానీ దారి మారలేదు.

ఆ పక్క గుంటలు ఒక మొగుడూ పెళ్ళాంవి. వరసకు ఆయనకు నేను పెద్దమ్మను, ఆమెకు అత్తను. ఎదురుపడితే నవ్వుకుంటాం, అన్నం తిన్నావా అంటే తిన్నావా అనుకుంటాం. అంతవరకే. రొయ్యలు వేసినవాళ్ళ మధ్య స్నేహం అంతకంటే ముందుకు పోదు. పంట బాగుంటే దిష్టి తగులుతుందని చెప్పరు. బాగాలేకపోతే కొనేవాడు రేటు దించేస్తాడని చెప్పరు. ఎవరిని అడిగినా "ఏదో అట్టా ఉండాయి" అంటారు. మీ నాయన నాకు కూడా అదే చెప్పేవాడు, కన్నతల్లికి.

పైగా అందరి నీళ్ళూ ఒకటే కాలువవి. సముద్రం పోటుకు ఆ ఉప్పుకాలువ నిండుతుంది. నిండినప్పుడు మోటారు వేసి గుంటల్లోకి తోడుకుంటాం. పాత నీళ్ళు వదిలేదీ అందులోకే. ఒకడి గుంటలో రొయ్యలకు వైరస్ వచ్చి, ఆ నీళ్ళు చప్పుడు కాకుండా కాలువలోకి వదిలాడనుకో, తెలియక తోడుకున్నవాడి గుంట కూడా పోయినట్టే. ఆ ఏడు మనకు అదే భయం. పంట పోతే కౌలు గుంటలు పోతాయి, మీ నాయన మళ్ళీ ఎవరి గుంటల దగ్గరో కాపలాకు పోవాలి.

వానలు తగ్గాక ఎక్కడో వైరస్ వచ్చిందని మాట పుట్టింది. ఎక్కడా అంటే ఎవరూ చెప్పరు. ఆ మరుసటి పొద్దున మన కట్ట అయిపోయి వాళ్ళ కట్ట మొదలయ్యే చోట ఒక ప్లాస్టిక్ టబ్బు కనిపించింది. నిండా ఊదారంగు నీళ్ళు. పక్కనే ఆమె నిలబడి ఉంది.

"అత్తా, ఏమనుకోబాకు. కాళ్ళు ఇందులో ముంచి పొండి," అంది.

"ఎందుకుమే?"

"మందు నీళ్ళు. ఆయన పెట్టమన్నాడు. రోగం కాళ్ళకి అంటుకుని గుంటల్లోకి వస్తాదంట."

"మా కాళ్ళకా?"

"అందరి కాళ్ళకీలే అత్తా."

అందరూ అంటే ఎవరు? ఆ దారిన రోజూ నడిచేది మనమిద్దరమే. అంటే మన గుంటల్లో రోగం ఉందని వాళ్ళ అనుమానం. నాకు ఒళ్ళు మండింది. నువ్వేమో చెప్పులతో సహా అందులోకి దూకావు. బడికి చేరేసరికి నీ పాదాలు వక్క నమిలిన నోటి రంగుకు తిరిగాయి. మీ టీచరమ్మ చూసి గోరింటాకు పెట్టినారా అని అడిగితే ఔనన్నాను. నిజం చెబితే ఫలానావాళ్ళ గుంటల్లో రోగమంట అని మధ్యాహ్నానికల్లా ఊరు దాటేది.

ఇది బాగా రాయి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. టబ్బు మన వైపు చివర ఉంది. పొద్దున వాళ్ళ కట్ట ఎక్కేటప్పుడు ముంచాలి. సాయంత్రం బడి వైపు నుంచి వచ్చి కట్ట దిగేటప్పుడు ముంచనక్కర్లేదు. మన రోగం వాళ్ళకు అంటకూడదు, అంతే వాళ్ళ లెక్క.

తర్వాత ఆరాలు మొదలయ్యాయి. నువ్వు కాళ్ళు ముంచుతుంటే ఆమె వేరుశనగ చెక్క ఒకటి నీ చేతిలో పెట్టేది.

"బంగారూ, నిన్న మీ నాయన మేత ఎంతేసినాడే?"

రొయ్యకు రోగం వస్తే ముందు మేత మానేస్తుంది. ఎంత మేత వేశారో తెలిస్తే గుంట సంగతి తెలిసినట్టే. నువ్వు చెక్క కొరుకుతూ ఉన్నదంతా చెప్పేదానివి.

"శానా ఏసినాడు. అమ్మ తిట్టింది."

"ఎందుకు తిట్టింది?"

"అన్నానికి రాలేదని. మేత వాసన ఒస్తాండావు, స్నానం చెయ్యి అనింది."

కట్ట దాటాక నీ చెవి మెలేశాను. "అడిగితే తెలీదని చెప్పు."

"తెలుసు గదవ్వా."

"తెలిసినా తెలీదనాల."

"అది అబద్ధం గదా?"

"అబద్ధం కాదు, మర్యాద."

నేను మాత్రం ఊరికే ఉన్నానా? కట్ట మధ్యలో చెప్పులో రాయి దూరినట్టు వంగేదాన్ని. చెప్పు దులుపుతూ నీళ్ళ వైపు చూసేదాన్ని. గాలి కొట్టే ఏరియేటర్లు అన్నీ తిరుగుతున్నాయా, మేత పళ్ళెంలో మేత మిగిలిందా, రోగం వచ్చిన గుంటలో చల్లే బ్లీచింగ్ వాసన ఏమైనా వస్తోందా అని.

"ఏందత్తా, రోజూ నీ చెప్పులోనే రాయి దూరతాది?" అని ఒకరోజు ఆమె అడిగింది.

"మీ కట్ట మీద రాళ్ళు అట్టాంటివిమే," అన్నాను.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె నా కళ్ళ వైపు చూసింది, నేను ఆమె కళ్ళ వైపు చూశాను.

ఏంటి, పెన్ను ఆపావు?

"ఆమె మంచిదేలే అవ్వా. నాకు చెక్కలిచ్చేది."

"రాసేది రాయి. మధ్యలో తీర్పులు చెప్పబాకు."

ఎక్కడున్నాం? కొంగలు. కొన్నాళ్ళకు వాళ్ళ గుంట అంచున కొంగలు చేరాయి. పక్షులు వాలకుండా గుంటల మీద దారాలు కట్టి ఉంటాయి కదా, అయినా దారాల కింద నుంచి దూరి మరీ నిలబడ్డాయి. నీరసపడిన రొయ్య అంచుకు వస్తుంది. అది మనకంటే ముందు కొంగకు తెలుస్తుంది. మీ నాయనకు చెప్పాను.

"కొంగలు యాడలేవు అమా? మన కట్ట మీదా ఉండాయి," అన్నాడు.

"నువ్వు ఆయన్ని అడుగు."

"అడిగినాలే. రొయ్యలు బాగుండాయన్నాడు."

నాకు అక్కడే అనుమానం వచ్చింది. రొయ్యలు వేసినవాడు తన నోటితో బాగున్నాయని చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. మీ నాయనకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు.

ఆ మరుసటి పొద్దున ఇద్దరం టబ్బు దగ్గరికి వచ్చాం. నువ్వు అలవాటుగా కాలు ఎత్తావు. ఆమె నీ భుజం పట్టుకుని ఆపింది.

"వద్దులే. ముంచబళ్ళా. పొండత్తా."

చెక్క ఇవ్వలేదు. మేత సంగతి అడగలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. నువ్వు దారంతా చెక్క ఇవ్వలేదని సణిగావు. నిన్నటిదాకా రోగం మోసిన మన కాళ్ళు ఈ పూట ఎలా శుభ్రమయ్యాయి అని నేను ఆలోచించాను. ఏదో పన్నాగం ఉందనుకున్నాను. మనం కాళ్ళు ముంచకుండా నడిచామని రేపు నలుగురిలో చెప్పి, వాళ్ళ గుంటలకు ఏమైనా అయితే మన మీద వేస్తారని.

సాయంత్రం తిరిగి వస్తుంటే టబ్బు అక్కడే ఉంది, ఆమె కూడా. మన కట్ట మీదికి అడుగు వేయబోతే అడ్డం నిలబడింది.

"ఆగత్తా. కాళ్ళు ముంచి దిగండి."

"ఇప్పుడెందుకుమే? మేము పోయేది మా ఇంటికి."

"ముంచత్తా."

నేను కదలకముందే కింద కూర్చుని నీ పాదాలు టబ్బులో పెట్టింది. వేళ్ళ మధ్య రుద్దింది. చెప్పులు విప్పి అడుగు భాగాలు గోకి కడిగింది. దారిలో నువ్వు నీ బడిసంచిని వాళ్ళ కట్ట మీద పెట్టి ఏదో పురుగును చూశావు, ఆ సంచి అడుగు కూడా తన కొంగు తడిపి తుడిచింది.

"ఏందిమే ఇది, మా పిల్లకేమన్నా గజ్జి పట్టిందా?" అన్నాను.

ఆమె కొంగు పిండుకుంది. కట్ట ఆ చివర వాళ్ళాయన ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగి ఉన్నాడు. ఒకసారి అటు చూసి, "రేపటి నుంచి రోడ్డు మీద పొండత్తా," అంది.

కోపంతో ఇంటికి వచ్చాను. అరుగు మీద కూర్చుని నీ కాళ్ళు తువ్వాలతో ఒత్తుతున్నాను. అప్పుడు తట్టింది. పొద్దున ముంచేది మన రోగం వాళ్ళకు అంటకుండా. అది వద్దంటే ఇక వాళ్ళకు కాపాడుకునేది ఏమీ మిగల్లేదని. సాయంత్రం ముంచమన్నది వాళ్ళది మనకు అంటకుండా. వైరస్ వచ్చింది వాళ్ళ గుంటలకు. నోటితో చెప్పకూడని సంగతి ఆమె నీ కాళ్ళు కడిగి చెప్పింది.

మీ నాయన మరుసటి పొద్దున పోటుకు మోటారు వేయాలని చూస్తున్నాడు. మన గుంటల్లో నీళ్ళు తగ్గి ఉన్నాయి. వాళ్ళు ఆ నీళ్ళు కాలువలోకి వదిలి ఉంటే మన పంట అక్కడితో సరి. చెప్పేయొచ్చు కదా అంటావు. మీ నాయన సంగతి నీకు తెలుసు. వింటే ఆ నిమిషమే వాళ్ళింటి మీదికి పోతాడు. ఎవరు చెప్పారని ఆమె మొగుడు అడిగితే మీ ఆవిడే అంటాడు. ఆయనేమో మాటకంటే ముందు చెయ్యి లేపే మనిషి. కొనేవాళ్ళు రాకముందే సంగతి పెళ్ళాం బయటపెట్టిందని తెలిస్తే ఆమె ఒళ్ళు ఏమవుతుందో నాకు తెలుసు.

"రేపొక్క పూట మోటారు ఎయ్యబాకురా," అన్నాను.

"ఎందుకు?"

"నా కుడికన్ను అదరతాంది."

"అల్లూరు పోయి చుక్కల మందు ఎయ్యించుకో," అన్నాడు.

తెల్లవారకముందే లేచి, మెయిన్ దించి, మోటారు పెట్టెలోని పింగాణీ ఫ్యూజులు మూడూ ఊడబీకాను. నీ సంచిలో క్యారియర్ కింద పెట్టాను. రోడ్డు మీద నడిపించాను.

"అవ్వా, సంచి బరువుగా ఉండాది."

"మీ అమ్మ కూర ఎక్కువేసిందిలే."

నిన్ను లోపలికి పంపి బడి అరుగు మీదే కూర్చున్నాను. కాసేపటికి మీ నాయన బండి మీద వచ్చాడు.

"అమా, ఫ్యూజులు యాడ?"

"ఏం ఫ్యూజులు?"

"మోటారువి. పోటు దిగిపోతాంది, ఆటలాడబాకు."

"నన్నడిగితే? దొంగలు తీసినారేమో."

"దొంగలకి ఫ్యూజులెందుకు?"

"వాళ్ళకీ మోటార్లు ఉంటాయి గదరా."

పళ్ళు కొరుకుతూ అల్లూరు పోయి కొత్తవి కొనుక్కొచ్చాడు. అప్పటికి పోటు దిగిపోయింది. కాలువ దగ్గరికి పోతే బురద మీద చచ్చిన రొయ్యలు, ఎర్రబారి, పెంకు మీద తెల్ల మచ్చలతో. కాకులు అప్పటికే దిగాయి. మోటారు వైపు కూడా చూడకుండా ఇంటికి వచ్చాడు.

"నీకెట్టా తెలిసింది అమా?"

"కన్నదిరిందని చెప్పినా గదా."

మళ్ళీ అడగలేదు. కాలువ శుభ్రమయ్యేదాకా ఆ తగ్గిన నీళ్ళతోనే నెట్టుకొచ్చాడు. రొయ్య కొంచెం చిన్నదే గానీ మన పంట నిలిచింది, గుంటలు మన చేతిలోనే ఉన్నాయి. ఆమె ఎందుకలా చేసిందో ఇప్పటికీ నాకు అనుమానమే. నీ మీద ప్రేమా, మొగుడి మీద కసా, రేపు ఎప్పుడైనా ఆ మేలు చూపించి మనల్ని ఏదైనా అడుగుదామనా? అడగలేదనుకో.

వాళ్ళ గుంటలు ఎండగట్టిన తర్వాత ఒక పొద్దున, బడి దగ్గర వాళ్ళ కట్ట రోడ్డును కలిసే చోట ఆయన నిలబడి ఉన్నాడు. కొంచెం వెనకగా ఆమె మేత పళ్ళేలు కడుగుతోంది.

"పెద్దమ్మా, మీవోడు ఆ పొద్దు మోటారు ఎందుకెయ్యలా?"

"ఫ్యూజులు పొయ్యినాయి అబ్బయ్యా."

"కట్ట దారిన రావడం కూడా మానేసినారే. ఎవురన్నా ఏమన్నా చెప్పినారా?"

అడుగుతూ నా ముఖం చూడలేదు. నా కళ్ళు ఎటు పోతాయో చూస్తున్నాడు.

"ఎవురు చెప్తారు? ఈ పిల్ల ఫ్యూజులు సంచిలో ఏసుకోని బడికి తెచ్చుకుంది, ఆటకి. వాడు ఇల్లంతా ఎతికినాడు."

ఆయన నీ వైపు వంగాడు. "ఏమ్మా, నిజమేనా?"

 టబ్బు సంగతి, కాళ్ళు కడిగిన సంగతి అన్నీ నీ నోట్లోనే ఉన్నాయి.

"సంచిలోనే ఉండాయి," అన్నావు. "అన్నం తినేటప్పుడు చూసినా. తెల్లగా ఉండాయి. శానా బరువు."

ఆయన నడుం ఎత్తి నీ సంచి వైపు చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. వెనక పళ్ళేల చప్పుడు ఆగిపోయింది. నీ చెయ్యి గట్టిగా పట్టుకుని బడి వైపు నడిచాను. ఆమె వైపు ఒక్కసారి చూడాలని మెడ లాగుతూనే ఉంది, కానీ తిప్పలేదు. నేను చూస్తే ఆయనా చూస్తాడు.