లవ్ ఆలా అన్నడా, లవ్హాళా అన్నడా?

ముందుగాలనే చెప్తున్న, నవ్వితే నవ్వుండ్రి గాని మా అమ్మ ముంగట మాత్రం ఈ ముచ్చట ఎత్తకుండ్రి. తుంగగడ్డి అని పేరు తీస్తే చాలు, ఆమె చేతిల కత్తెర నా దిక్కు తిరుగుతుంది. చుట్టిన బీడీలు మల్ల కూసోని ఇప్పదీసుడు మా జోడ్‌భావి పేట్ల ఇప్పటిదాంక ఎవ్వరింట్ల జరుగలే. మా ఇంట్ల జరిగింది. జరిపించింది నేనే!

మేము తెలుగోళ్లమే గాని ఉండేది మరాఠోళ్ల ఊర్ల. మాది కింద సాంచాలు, మీద మనుషులు ఉండే ఇల్లు. కింద మాలిక్‌వి టవల్లు నేసే సాంచాలు, పొద్దు పొడిచిన సంది ఖట్ ఖట్ ఖట్. నడుమ మేము: నేను, అమ్మ, తాత. మా మీద ఒక గది. అండ్ల కాలేజీల చెట్ల చదువు చదివే పిలగాడు కిరాయికుంటడు. పేరు సాగర్. మరాఠీ ఆయన. చేతిల ఎప్పుడు ఒక చిన్న భూతద్దం, చంకల పాత పేపర్ల కట్ట. ఒక గడ్డిపోచను ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగవట్టి చూస్తుంటడు. ఏం చెప్పాలె! గడ్డినే ఇంత ప్రేమగ చూసేటోడు మనిషిని ఎట్ల చూస్తడో అని నాకు బీడీలు చుట్టుకుంటనే కలలు. నేను ఎనిమిదో క్లాస్ దాంక చదివిన. మిగిలిన చదువంత ఫోన్ల సీరియళ్లు చూసి పూర్తి చేసిన.

గల్లీల అందరు ఆయన్ని 'దాదా' అంటరు. నేను అనలే. దాదా అంటే అన్న కద! నేను 'అహో' అని పిలిచేదాన్ని. మరాఠోళ్ల ఆడోళ్లు మొగుణ్ని అట్లనే పిలుస్తరు. ఎవ్వరన్న అడిగితే మర్యాదకు పిలిచిన అని చెప్పుకోవచ్చు. ఎవ్వరు అడుగలే గూడ.

ఆ పొద్దు మెట్ల మీద కూసోని బీడీ ఆకు కత్తిరిస్తున్న. ఆయన మీదికెల్లి కుంటుకుంట దిగిండు. కాలికి పట్టి. రెండు మెట్ల మీద ఆగి, నా కండ్లల్లకు చూసి ఏదో అన్నడు. కింద సాంచాల మోత. నాకు ఇనవడ్డది ఇంతే:

"లవ్ ఆలా... తులా మాహీత్ ఆహే కా?"

లవ్ వచ్చింది, నీకు ఎర్కనా!

కత్తెర చేతికెల్లి జారి ఖణ్ ఖణ్‌మనుకుంట కింది మెట్టు దాంక పోయింది. నేను తలకాయ వంచి, చున్నీ కొస వేలికి చుట్టుకుంట, "మాహీత్ ఆహే" అన్న. ఎర్కే అని! ఎప్పటి సందో ఎర్కే!

"ఖరంచ్? కుఠే?" అన్నడు ముఖం ఎలిగిపోయి. నిజంగనా, ఏడున్నది? అని.

ఏడున్నది అంటే ఏం చెప్పాలె? చెయ్యి తీస్కపోయి గుండె మీద పెట్టుకున్న. గప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్ని ఒక్కపారే బంద్. ఆ సప్పుడు లేని ఇంట్ల ఆయన గొంతు గంట కొట్టినట్టు ఇనవడ్డది:

"నాల్యాచ్యా కడేలా అసేల్ నా?"

నాలా ఒడ్డుకు ఉంటది కద?

లవ్ నాలా ఒడ్డుకు ఎందుకుంటది? గుండె మీది చెయ్యి మెల్లగ దించి చెవి గోక్కున్న.

అప్పుడు సమజైంది. ఆయన అన్నది లవ్ ఆలా కాదు, లవ్హాళా. మన తుంగగడ్డిని మరాఠీల గట్లంటరు. ఆయన అటెన్క చెప్పిందంత గూడ మరాఠీలనే, మీకు మన మాటల చెప్తున్న.

"ఎల్లుండి కాలేజీల మూడు తీర్ల తుంగ అప్పజెప్పాలె. లేకుంటే పరీక్షకు కూసోనియ్యరు. తెద్దామని పోతే నాలాల జారి మడమ మెలిపడ్డది. దేవుని లెక్క నువ్వు దొరికినవు, నీకు ఎర్కనే అంటివి!"

అంటి. ఈ నోటితోనే అంటి. ఇగ ఎనుకకు తీసుకుంటమా? లవ్ కాకుంటే లవ్హాళానే. దాని తోవల్నే లవ్ వస్తదేమో, ఎవ్వరికెర్క?

"తెస్త" అన్న. "భూమి కింద ఉన్నా తెస్త."

"మామూలు గడ్డి తేకు. కాడను వేళ్ల నడుమ తిప్పి చూడు. మంచిగ దొర్లితే గడ్డి. దొర్లకుండ మూడంచులు తగిలితే తుంగ. కాడకు నడుమ గణుపులుండయి. ఆకులు మూడు దిక్కులకు పోతయి. అన్నిటికన్న ముఖ్యం పండు. పండు చూస్తెనే ఏది ఏ జాతో చెప్పొచ్చు. పండు లేకుంటే ఎందుకు పనికిరాదు."

పండు అని మనసుల రాసుకున్న. రేగ్గాయంత ఉంటదో, ద్రాక్ష అంత ఉంటదో అడుగలే. ఎర్కే అన్నదాన్ని ఎట్ల అడుగుత?

కొంతం చౌక్ల బస్సెక్కి కుంభారి పోయిన. ఆడ బీడీలోళ్ల కాలనీల మా పెద్దమ్మ ఉంటది, కాలనీ ఎనుక నాలా పారుతది. కాడలు తిప్పి చూసుడు మాత్రం నాకు చెయ్యి తిరిగిన పని. పొద్దంత బీడీ తిప్పే వేళ్లాయె! దొర్లిందాన్ని ఇడిచి, దొర్లనిదాన్ని పట్టుకుంట పోయిన. మూడు తీర్లు దొరికినయి. కాని పండు? ఆకులెత్తి చూసిన, లేదు. వేర్లు పీకి చూసిన, నల్లటి గడ్డలు కనవడ్డయి. గివే పండ్లనుకోని ఒకటి కొరికిన. థూ! నాలుకంత చేదు. కాడల మీద మాత్రం అరిగిన చీపురు కొస లెక్క ఎర్రెర్రగ ఏదో చెత్త.

పండ్లు ఇంకా కాయలేనట్టున్నది అనుకున్న. పర్వలేదు. కాడలన్న కండ్లు చెదిరేటట్టు తయారు చేసిస్త.

తెల్లారి అమ్మ పక్కకు కూసోని తుంగ ముంగటేసుకున్న. మా చేతులకు ఒక్కటే చదువు. ఆకు ఎంత పెద్దదన్న గాని, దాని మీద కొలత రేకు పెట్టి, రేకంత ముక్క ఉంచుకోని, ఈనె, అంచు, చినుగు అన్ని కత్తిరించి అవతల పడేసుడు. అట్లనే చేసిన. బురద వేర్లు కోసేసిన. మీది ఎర్ర చెత్త గూడ కచ్ కచ్ కత్తిరించి పక్క చాటల ఏసిన. కండ్లు మెట్ల దిక్కున్నయి, చేతులు పని చేస్తున్నయి. ఏ చాటల పడుతున్నదో నాకేమెర్క? మిగిలిన కాడలన్ని ఒక్కటే పొడుగు, ఒక్కటే నున్నగ. బీడీ దారంతోని మూడు కట్టలు కట్టిన. గులాబి రంగు దారం!

ఆయన కుంటుకుంట దిగొచ్చిండు. కట్టలు రెండు చేతులతోని ఇచ్చిన. అటు తిప్పి చూసిండు, ఇటు తిప్పి చూసిండు. ముఖం తెల్లగైంది.

"తురే కుఠే?" మీది కుచ్చులేవి?

"చెత్త కద అహో, తీసేసిన" అన్న మురిసిపోయి.

మెట్టు మీద కూలవడ్డడు. "అదే పండు" అన్నడు సన్నటి గొంతుతోని. "ఆ కుచ్చుల ఒక్కొక్క పొట్టు సాటున ఒక్కొక్క పండు. ఆవగింజ కన్న సన్నం."

ఆవగింజ కన్న సన్నందాన్ని పండు అంటరా? గా మాట ముందు చెప్పొద్దా!

"గంతేనా? ఏం పోలే, చాటల్నే ఉన్నయి" అని ఎనుకకు తిరిగిన. చాట ఖాళీ.

"అమ్మా, ఈ చాటల చెత్తేది?"

అమ్మ ఫోన్ల సీరియల్ మీదికెల్లి కండ్లు తీయకుంట, "చెత్తేందే? తంబాకు కద. చుట్టేసిన. ఇయ్యాలటి తంబాకు ఏందో మస్తు గరుకున్నది" అన్నది.

"అది తంబాకు కాదే!"

"మరేంది?"

"పండ్లు!"

"తంబాకుల పండ్లేసినవా? నీ నోట్ల పండ్లు రాలగొడ్త, ఆగు!"

గప్పుడే గడప కాడికెల్లి తాత గొంతు. "ఏం బీడీ చుట్టినవ్ బిడ్డా! దీపావళి లెక్క చిటపటలాడుతున్నది. అయినా మంచిగనే ఉన్నది."

సాగర్ తాత నోటికెల్లి ఎల్లే పొగ దిక్కు చూసిండు. ఆయన పరీక్ష ఆ పొగల కలిసి మీదికి పోతున్నట్టు చూసిండు.

అమ్మకు అప్పుడు అసలు బుగులు వట్టుకున్నది. "ఓ పోరీ, ఈ బీడీలు కార్ఖానాల పడితే మనకు మల్ల ఆకిస్తరా? తంబాకు ఇస్తరా? ఎన్నిట్ల గడ్డి పడ్డదో ఏమో, అన్ని ఇప్పు!"

ఇప్పినం. అమ్మ తిట్టుకుంట, నేను తుమ్ముకుంట, సాగర్ కాలు చాపుకోని పేపర్ పరుసుకోని. జల్లెడతోని తంబాకు జల్లించి, మిగిలినదాన్ల పండ్లు ఏరినం. ఆయన భూతద్దం నా చేతికిచ్చిండు. అమ్మతోడు, గప్పుడు చూసిన! ఒక పండు మూడంచులది, నల్లగ నిగనిగ, చీమలు తినే సమోసా లెక్క. ఇంకొకటి రెండు దిక్కుల నుంచి ఒత్తినట్టు, మసూర్ పప్పు లెక్క. ఇన్నొద్దులు ఈ నాలాల పొంట నడిచిన గాని ఇంత సొగసు కాలి కింద ఉన్నదని నాకెర్కలేదు. ఆయన తలకాయ, నా తలకాయ ఒక్క పేపర్ మీదికి వంగినయి. ఊపిరి తగిలేటంత దగ్గర. సీరియల్ల అయితే ఈడ పాట వస్తది. నాకు తుమ్మొచ్చింది. అక్కడిదాంక ఏరిన పండ్లన్ని లేచి మల్ల తంబాకుల పడ్డయి!

మల్ల ఏరినం. రెండు జాతులు తేలినయి. మూడోది లేదు.

"దాని పండుకు అడుగున సన్నటి గడ్డం ఉంటది, వెంట్రుకల లెక్క. అదేది?"

అందరం తాత దిక్కు చూసినం. తాత గడ్డం గోక్కుంట బీడీ పీక అవతల పడేసిండు. గడ్డమున్న పండును గడ్డమున్న మా తాతే తాగేసిండు.

సాగర్ పేపర్లు మడుస్తున్నడు. "జాఊ దే" అన్నడు. పోనీ తియ్యి అని. ఎట్ల పోనిస్త? బీడీలు పోనీ, తిట్లు పోనీ, నేను కోసిన మొక్కతోని ఒకరి చదువు ఆగుతదా? "భూతద్దం నా కాడనే ఉండనియ్యుండ్రి" అని చెప్పులేసుకున్న. అమ్మ ఎనుకకెల్లి ఏమేమో అంటున్నది. కత్తెర మాత్రం ఇంట్లనే పెట్టి పోయిన.

కుంభారిల నాలా ఒడ్డుకు మోకాళ్ల మీద కూసోని, ఒక్కొక్క కుచ్చు అరచేతిల నలిపి, పొట్టు ఊది, భూతద్దం పెట్టి చూసుడు. మూడంచులది. పప్పు లెక్కది. మల్ల మూడంచులది. ఎండ నెత్తి మీదికెల్లి ఎనుకకు జరిగింది. పెద్దమ్మ వచ్చింది.

"ఏందే శ్రావణీ, ముక్కుపుల్ల పోగొట్టుకున్నవా?"

"లే పెద్దమ్మా. గడ్డం లెంకుతున్న."

"గడ్డమా! ఎవనిదే?"

ఇగ చూస్కోండ్రి. ఆ మాట కాలనీ అంత పాకింది. బీడీ చాటలు పక్కకు పెట్టి ఆడోళ్లందరు ఒడ్డుకు వచ్చిండ్రు. కొందరు నాతోని కలిసి లెంకవట్టిరి, కొందరు "పిలగాడు ఏ పేటోడే? గడ్డమోడా?" అని అడుగవట్టిరి. నీళ్లలకు దిగి, ఆఖరికి ఒక కుచ్చు నలిపి చూస్తే, పండు అడుగున సన్నటి వెంట్రుకలు!

"గడ్డం దొరికింది!" అని ఒర్రిన.

"లగ్గమెప్పుడు?" అన్నది పెద్దమ్మ.

మొక్కను మొక్కగనే పీకిన. వేరుతోని, బురదతోని, కుచ్చుతోని, వేర్ల నడుమ ఇరికిన ఒక నత్తతోని. బస్సుల కండక్టర్ "ఇదేంది, పొలం గూడ ఎక్కించినవు?" అన్నడు. నేను కుచ్చుకు చెయ్యి అడ్డం పెట్టుకోని కూసున్న, పసిపిల్లను ఎత్తుకున్నట్టు.

సాగర్‌కు ఇచ్చిన. చూసిండు. నవ్విండు. ఆ నవ్వుకు కుంభారి ఏంది, పండరిపురం దాంక నడిచి పోవచ్చు అనిపించింది.

తెల్లారి కాలేజీకెల్లి పేడాల డబ్బా తీస్కోని వచ్చిండు. మూడు జాతులు ఒప్పుకున్నరట. పండ్లు పెట్టిన కాగితం పొట్లం ఇప్పంగనే వాళ్ల సార్ తుమ్మి తుమ్మి ఆగలేదట, తంబాకు వాసన! పరీక్షకు కూసోనిస్తరట. నేను చున్నీ సవరించుకున్న. కింద సాంచాలు ఆడుతనే ఉన్నయి. ఆయన దగ్గరికొచ్చి, మోతల గూడ తేటగ ఇనవడాలెనని గట్టిగ అన్నడు:

"థ్యాంక్యూ, శ్రావణీ తాయీ!"

తాయీ. అంటే అక్క. ఈ మాట మాత్రం సాంచాల మోతల గూడ ఒక్క అక్షరం పొల్లు పోకుండ ఇనవడ్డది!

"పర్వలేదు, దాదా" అన్న. పేడా మంచిగుండె, రెండు తిన్న. లవ్ ఆలా, లవ్ గేలా. వచ్చింది, పోయింది. అమ్మ ఇప్పటికీ తంబాకు జల్లించంది చుట్టది, తాత మాత్రం "ఆ చిటపట బీడీలు మల్ల చేయవానే?" అని అడుగుతడు.

నేను గూడ ఒకటి గట్టిగ అనుకున్న. మల్ల ఏ పిలగాడన్న మెట్లు దిగుకుంట 'లవ్ ఆలా' అన్నడనుకో, తలకాయ వంచ. ముందుగాల కరెంటు పోయేదాంక ఆగుత. అటెన్క అడుగుత: పండు మూడంచులదా, పప్పు లెక్కదా, గడ్డమున్నదా?