ఒకే నంబర్ మీద ఇద్దరు

అమెరికాలో, అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో మా తెలుగువాళ్లం కొందరం కలిసి పెట్టిన ఉచిత రక్తపరీక్షల శిబిరానికి పేర్లు నమోదు చేసే యాప్ నేనే రాశాను. పదిహేనేళ్లుగా జావాస్క్రిప్ట్ రాస్తున్నానన్న పొగరు నాది. కోడ్ ఎవరికీ చూపించలేదు.

కొత్త పేరు చేర్చడానికి రెండు దారులున్నాయి. అర్రే అనే వరుస జాబితాలోకి పుష్ చేస్తే వచ్చిన మనిషి వరుస చివర నిలబడతాడు, ముందున్నవాళ్లు ఎక్కడికీ పోరు. ఆబ్జెక్ట్‌లో అయితే ఒక్కో కీకి, అంటే మనిషిని గుర్తుపట్టే ఆనవాలుకి, ఒక్కటే చోటు. అదే కీతో ఇంకొకరిని చేరిస్తే మొదటివాళ్లు చెరిగిపోతారు, ఎర్రర్ కూడా రాదు. వెతకడం సులువని నేను ఆబ్జెక్టే తీసుకున్నాను, ఫోన్ నంబర్‌ని కీ చేశాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ఇక్కడ సొంత ఫోన్ ఉండదనీ, అందరికీ కొడుకు నంబరో అల్లుడి నంబరో రాస్తామనీ నాకు తెలియదా? మా అత్తగారికి నేనూ అలాగే రాస్తాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా పక్కింటాయన ముందు వాళ్లమ్మ పేరు చేర్చాడు, తర్వాత నాన్న పేరు. ఇద్దరికీ తన నంబరే. ల్యాబ్ నుంచి రిపోర్టులు వచ్చాక, లిస్ట్‌లో లేని పేరు మీద వచ్చినదాన్ని నా యాప్ పక్కన పడేసింది. తేడా ఉన్నవాళ్లకి మా డాక్టర్లు ఫోన్లు చేశారు. వాళ్లమ్మ గురించి ఎవరూ చెయ్యలేదు.

నాలుగు నెలలకి ఆమె ఒళ్లంతా వాచి ఆసుపత్రిలో చేరింది. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు.

"క్యాంప్‌లో టెస్ట్ చేయించాం కదండీ. ఎవరూ కాల్ చెయ్యకపోతే అంతా నార్మల్ అనుకున్నాం," అన్నాడాయన, గరాజ్ ముందు నిలబడి.

ఇంటికెళ్లి ఫైళ్లు తీశాను. ఆమె రిపోర్ట్ అక్కడే ఉంది. కిడ్నీల దగ్గర తేడా అప్పటికే ఉంది.

మర్నాడు పొద్దున వెళ్లి చెప్పాను, నా యాప్‌లో నాన్న పేరు పడి అమ్మ పేరు చెరిగిపోయిందని. ఆయనా ప్రోగ్రామరే.

"కీ ఏం పెట్టారు?" అన్నాడు.

"ఫోన్ నంబర్."

లోపల వాళ్లావిడ అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్లడానికి ఆమె కాళ్లకి చెప్పులు తొడుగుతోంది. వాచిన పాదాలు పట్టడం లేదు.

"మా ఆవిడ అప్పుడే చెప్పింది, అమ్మకి తన నంబర్ రాయమని. నేనే విన్లేదు," అన్నాడు. "ఎంత పని చేశానండీ."

మీరు చేసిందేమీ లేదు, తప్పు నాది అని అప్పుడే అనాల్సింది. నేను తలూపాను.