అమ్మమ్మ తోమిన అమెరికా డాలరు

మా చిన్నప్పుడు... మస్కట్‌లోని రూవిలో మా ఫ్లాట్‌లో, బీరువాలో చీరల కింద, అమ్మ ఒక వెండి నాణెం దాచుకునేది. పాత అమెరికా డాలరు. ఒకవైపు ఒక ఆడమనిషి ముఖం, రెండోవైపు రెక్కలు చాచిన గద్ద. నూరేళ్లు దాటిందట... బాగా నల్లబడి, అంచుల్లో మాత్రం కాస్త నీలంగా కనిపించేది.

అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఒక అమెరికా పెద్దాయన డిశ్చార్జి అయి వెళ్తూ, వద్దన్నా వినకుండా దాన్ని అమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు.

అప్పుడు నాకు పదేళ్లు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో కీబోర్డు వాయించాలని మహా పిచ్చి... ఇంట్లో కీబోర్డు ఏది? భోజనాల బల్ల మీదే వేళ్లు ఆడిస్తూ ప్రాక్టీసు చేసేదాన్ని. అది చూడలేక అమ్మ ఒకరోజు మత్రా సూక్ బజారులో పాత వెండి అమ్మే సేఠ్‌కి నాణెం చూపించింది. పాత నాణేలు సేకరించే ఒకాయన శుక్రవారం సాయంత్రం వస్తాడనీ, వెండి ధరకి ఎన్నో రెట్లు ఇస్తాడనీ సేఠ్ చెప్పాడు. ఇంకేముంది... నా కీబోర్డు ఖాయమైపోయింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మమ్మ కాకినాడ నుంచి విజిట్ వీసా మీద వచ్చి ఉంది. గురువారం నాకు స్కూలు సెలవు, అమ్మకి డ్యూటీ. అమ్మమ్మ నాణెం చూసి మూతి విరిచింది.

"ఇంత నల్లగా ఉంటే ఎవడు కొంటాడే? మీ అమ్మకి రోగులు తప్ప ఇంకేం పట్టవు. చింతపండు నానెయ్యి."

నానేశాను. చింతపండు, పళ్లపొడి, కొబ్బరి పీచు... ఇద్దరం కూర్చుని గంటసేపు తోమాం. ఆ ఆడమనిషి ముక్కు కూడా తళతళలాడింది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ కూడా చూసి మురిసిపోయింది. పాపం, తనకీ తెలియదు.

శుక్రవారం ముగ్గురం సూక్‌కి వెళ్లాం. నాణేలాయన కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు... నాణెం వెనక్కి జరిపేశాడు. సేఠ్ అమ్మకి హిందీలో చెప్పాడు. పాత నాణెం తోమితే విలువ పోతుందట. ఆ నలుపే దాని అందమట. ఇప్పుడు నిండా గీతలు పడ్డాయట, ఇక వచ్చేది వెండి ధరేనట.

అమ్మమ్మకి హిందీ ముక్క రాదు. నాకు స్కూల్లో నేర్పారు... ప్రతి మాటా అర్థమైంది.

"ఏవంటన్నాడే?" అని అడిగింది అమ్మమ్మ.

అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

"భలే శుభ్రంగా ఉందంటున్నాడమ్మా. రేటే కుదర్లేదు. మనమే ఉంచుకుందాం."

"మంచి పని చేశావ్. ఇలా మెరిసేదాన్ని అయినకాడికి ఇచ్చేస్తామా ఏంటి?" అంది అమ్మమ్మ.

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నీవల్లే నా కీబోర్డు పోయిందని అమ్మమ్మ మీద అరవాలని నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ నా చెయ్యి వదల్లేదు... నేనూ అనలేదు.

తర్వాత అమ్మ అదనపు డ్యూటీలు చేసి కీబోర్డు కొంది. ఏడాది పట్టింది. అమ్మమ్మ మాత్రం వచ్చిన ప్రతిసారీ ముందు నాణెం ఏదని అడిగేది. అమ్మే తెచ్చి చేతికిచ్చేది. తోమి తోమి గద్ద ఈకలు అరిగిపోయాయి. మస్కట్ సేఠ్‌లు తన పనితనం మెచ్చుకున్నారని కాకినాడలో కనపడినవాళ్లందరికీ చెప్పేదట... ఆ గొప్ప తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ రోజు నోరు జారనందుకు హాయిగానూ ఉంటుంది.

ఇప్పుడు నేను మస్కట్‌లోనే, అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో పని చేసుకుంటున్నాను. ఏ పాత నాణెం ఎంత పలుకుతుందో, దాన్ని ముట్టుకోవచ్చో లేదో ఫోన్ నిమిషంలో చెప్పేస్తోంది. అలాంటి పొరపాట్లు ఇక ఎవరూ చెయ్యరేమో...

మీ ఇంట్లో ఎవరైనా ప్రేమకొద్దీ పాడుచేసిన వస్తువు ఉంటే చెప్పండి, చదవాలనుంది. అమ్మమ్మ పోయి నాలుగేళ్లయింది. మా నాణెం మళ్లీ నల్లబడుతోంది... సేకరించేవాళ్లకి ఆ నలుపే ఇష్టం కావచ్చు, నాకు మాత్రం చూడబుద్ధి కావడం లేదు.