అంచున కట్టిన ఎర్ర దారం

పుత్తూరు బస్టాండు ఎదుట నాగవేణి నడిపే డి.టి.పి. దుకాణంలో కుర్చీలు రెండే. ఒకటి ఆమెది, రెండవది కాగితాల సొంతదారుది. తాను టైపు చేసినదాన్ని సొంతదారు చదివితే తప్ప ఆమె దానిని బయటికి పోనివ్వదు. తొందరపడేవారితో, “పేరు మీది గదా, సూసుకోండి” అంటుంది.

ఆమెది నగరిలో మగ్గం ఉన్న ఇల్లు. తండ్రి మునిస్వామి చీర నేసేటప్పుడు పోగు తెగి అతుకు పడితే దానిని దాచేవాడు కాదు. సరిగ్గా ఆ చోట అంచుకు చిన్న ఎర్ర దారం ముడివేసేవాడు. చీర మడిచేవారు బారెడు బారెడూ తడమనక్కరలేదు. దారం దగ్గర ఆగి, అతుకు కుదిరిందో లేదో చూస్తే చాలు.

పుత్తూరులోనే అరవై ఏళ్లుగా విరిగిన ఎముకలకు కట్టు కడుతున్న చెంగల్రాయుడుగారు తన అనుభవాన్ని పుస్తకంగా చెప్పారు. నాగవేణి టైపు చేస్తే రెండువందల పన్నెండు పుటలైంది. భాష దిద్దే పని, బడిలో తెలుగు చెప్పి విరమించిన నాకు అప్పగించారు. ఆమె కంప్యూటరులోనే నెల రోజులు కూర్చుని దిద్దాను. వాక్యాలు బిగించాను, చెప్పిందే చెప్పిన చోట్ల కోసివేశాను. దిద్దిన ప్రతి మార్పునూ యంత్రం గుర్తుంచుకొనేలా నాగవేణి ముందే ఏర్పాటు చేసి ఉంచింది.

సోమవారం అచ్చుకు పోవాలి. గురువారం పని ముగించి, “ఇక పంపించు నాగవేణీ” అన్నాను.

“తాత సూడకుండానా మేడమ్?”

“ఆయన కంట్లో శుక్లం. భూతద్దం పెట్టుకొని రోజుకు పది పుటలు చదివితే గొప్ప. అయినా నేను దిద్దింది భాషే కదా!”

“మీ దిద్దుబాటు తప్పని కాదు మేడమ్. ఈ పుస్తకం సూసి ఎవురో ఒకరు ఇంకొకరికి కట్టు కడతారు. అందులో తాత సెప్పని మాటుంటే?”

నాకు కొంచెం కష్టంగా తోచింది.

మార్చిన ప్రతి పంక్తి పక్కనా అంచులో నల్లని గీత పడేటట్లు పెట్టి, పెద్ద అక్షరాలతో ఆమె ఒక ప్రతి తీసింది. శుక్రవారం ఉదయం చెంగల్రాయుడుగారు దానిని తిరగవేసి నవ్వారు.

“ఇదేంది పాపా, పేజీ పేజీకీ గోడ కట్టినావే! యాడని సూసేది?”

నిజమే. నేను కామా మార్చినా గీతే, వాక్యం మార్చినా గీతే. గీత లేని పంక్తి లేదు.

“మా నాయన పోగు పోగుకీ దారం కట్టింటే మడిసేటోళ్లు తన్నుండేవాళ్లు తాతా. రేపు రా, సక్కంగా పెడతా” అంది.

ఆ రోజంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకొంది. అక్షరదోషాలూ విరామచిహ్నాలూ ఒక్కొక్కటే నాకు చూపించి, వాటి గీతలు తీసివేసింది. విషయం కదిలిన చోట మాత్రమే గీత ఉంచింది. తీసివేసిన వాక్యానికి పుటలో ఆనవాలు ఉండదు కనుక, దానిని గీత పక్కనే అంచులో వేసింది. అన్నిటికీ ముందు, చూడవలసిన పుటల సంఖ్యలతో ఒక కాగితం. మొత్తం ముప్పయ్యేడు చోట్లు.

శనివారం పెద్దాయన ఆ కాగితం చేతబట్టుకొని, భూతద్దంతో గీత నుంచి గీతకు నడిచారు. కొన్నిటికి తల ఊపారు. నలభయ్యవ పుట దగ్గర ఆగిపోయారు.

“‘కట్టినాక గోళ్లు సూడు. నీలమెక్కితే వెంటనే కట్టు వదులు సెయ్యి.’ ఈ మాట ఎవురు తీసేసినారు?”

నాగవేణి నా పేరు చెప్పలేదు. కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

“నేనేనండీ,” అన్నాను. “మొదటి అధ్యాయంలో, కాలికి కట్టే చోట, ఉంచాను. అదే మాట పదిహేనుసార్లు ఎందుకని మిగిలిన పద్నాలుగు తీసివేశాను.”

“టీచరమ్మా, సెయ్యి ఇరిగినోడు కాలు కట్టే పేజీ సదువుతాడా? వాని పేజీ వాడు సూసుకుంటాడు. ఆ మాట ఆడ లేకుంటే వాని సెయ్యే పోతాది.” నా ముఖం చూసి కాబోలు, గొంతు తగ్గించారు. “మీ బడిలో పిలకాయలకు ఒకసారి సెప్తే గుర్తుండేదా ఏంది?”

“పదిసార్లు చెప్పినా ఉండేది కాదు” అన్నాను. ముగ్గురమూ నవ్వాము. నా నవ్వు మాత్రం ఆలస్యంగా వచ్చింది. నాగవేణి నా మాట విని ఉంటే ఆ పద్నాలుగు వాక్యాలూ లేకుండానే పుస్తకం అచ్చయిపోయేది.

పద్నాలుగు చోట్లా ఆ వాక్యాన్ని ఆయన చెప్పినట్లే తిరిగి నిలిపాము. నేను పుట సంఖ్య చదివాను, ఆమె వాక్యం చేర్చింది, ఆయన వేలితో తడిమి “ఊఁ” అన్నారు. ఒక్కొక్క “ఊఁ”కూ ఒక్కొక్క గీత తొలగిపోయింది.

మిగిలినవీ అలాగే ముగిశాక, ముప్పయ్యేడు గీతల్లో చివరిది రెండువందల ఆరవ పుటలో ఉంది. నేను ఒక ఉపమానం కొంచెం మార్చిన చోటు, అపాయమేమీ లేనిది. అప్పటికి పెద్దాయన టీ తాగడానికి వీధిలోకి వెళ్లారు. నాగవేణి నా వైపు తిరిగింది.

“ఈ గీత తీసేద్దునా మేడమ్?”

“ఆయన రానీ,” అన్నాను. “చూసి చెబుతారు.”