సౌనా బల్ల మీద నేరం

తంపెరె ఊళ్లో మా పేట సౌనాకి, అంటే ఆవిరి స్నానాల ఇంటికి, టికెట్లు ఇచ్చేదాన్ని నేను. లోపల పొయ్యి ఎగదోసి, వచ్చినవాళ్ల వీపులు రుద్దేది హిల్కా. పేటలో సగం మంది ఒళ్లు ఆమె చేతికిందే ఎర్రబడ్డాయి. చెయ్యి ఎంత బలమో నోరూ అంత మొరటు.

ఒక శనివారం పొద్దున్నే కాగితం మిల్లులో పనిచేసే తానెలి గొడ్డలి పట్టుకుని వచ్చాడు. వెనకే అతని భార్య ఐలి, నెలలు నిండిన కడుపుతో. నన్ను పక్కకి నెట్టి, ఆవిరి గదిలోకి పోయి, బల్లను రెండు ముక్కలు చేశాడు.

"ఈ దరిద్రపు బల్ల మీద కూర్చునే నాకు సెగరోగం అంటుకుంది!"

ఆ అరుపు మాకోసం కాదు, పెళ్లాం వినాలని. తిరుగుళ్లు తిరిగి రోగం తెచ్చుకున్న ప్రతి మొగుడూ మా ఊళ్లో నేరం సౌనా బల్ల మీదే నెడతాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏరా, బల్లతో పడుకున్నావా?" అంది హిల్కా. "అది పడక మీద అంటేదే గానీ చెక్క మీద అంటేది కాదు. సూది వేయించుకున్నావా?"

"వేయించుకున్నా. తగ్గింది."

"మరి ఐలికో?"

"దానికేం, నొప్పా పాడా?"

"ఆడదానికి చాలాసార్లు పైకేమీ తెలీదురా వెధవా! కాన్పులో బిడ్డ కళ్లకి అంటితే చూపు పోతుంది. ఇద్దరికీ వైద్యం జరగాలి, అంతవరకూ దాన్ని ముట్టుకోకు. ఆ తర్వాతైనా తిరుగుళ్లు మానలేకపోతే తొడుగు వాడి చావు!"

గొడ్డలి కామతో ఆమె మూతి మీద కొట్టాడు. నెత్తురుతో పాటు పన్ను ఊడిపడింది. హిల్కా కాగే నీళ్ల గరిటె ఎత్తి అతని ఛాతీ మీద కుమ్మరించింది. వాడు కెవ్వుమని గొడ్డలి వదిలేశాడు. నేను జుట్టు పట్టుకుని వాడి తల గోడకేసి బాదాను. ఇప్పటికీ తప్పనిపించదు.

ఐలి గొడ్డలి తీసుకుంది.

"ఆ బల్ల పేరేంటి?"

"ఐలీ, కడుపుతో ఉన్నావే, అది కింద పెట్టవే..."

వాడి పాదం పక్కనే నేల చెక్క పగిలింది.

"పేరు!"

"కిర్సి," అన్నాడు ఏడుస్తూ. "మిల్లు క్యాంటీన్లో..."

"వెళ్లి చెప్పు. ఆమెకీ వైద్యం జరగాలి."

హిల్కా మూతికి తుండు అదుముకుని ఐలిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. పరీక్షలో రోగం ఉందని తేలింది, సూదిమందు వేశారు. మళ్లీ పరీక్ష చేసి పోయిందన్నాకే ఐలికి నిద్ర పట్టింది.

తర్వాత పాప పుట్టింది. కళ్లు విప్పార్చి దీపం కేసి చూసింది. హిల్కా బొటబొటా కన్నీళ్లు కార్చింది.

తానెలి వచ్చి తలుపు కొట్టాడు. "పాప కళ్లు బాగున్నాయా?"

"బాగున్నాయి," అంది ఐలి లోపలి నుంచి. "నిన్ను చూడ్డానికి మాత్రం కాదు."