ఊడిపోవాల్సిన కుట్టు

తడి ఉన్నిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆవిరితో లేచే వాసనకి ఇప్పటికీ నాకు భయం వేస్తుంది. వెంటనే సూసన్నమ్మగారు గుర్తొస్తారు. విజయవాడలో ఆవిడ నడిపిన యూనిఫారాల షాపులోనే నేను కుట్టుపని నేర్చుకున్నాను. మిషన్ కుట్టు ఎంత గట్టిగా పడినా, చంకల దగ్గర చేతికుట్టు కూడా పడితేగానీ ఏ చొక్కానీ గడప దాటనిచ్చేవారు కాదు.

ఒకసారి పంతొమ్మిదో శతాబ్దపు సిపాయిల సినిమాకి ఎర్ర ఉన్నికోట్లు కావాలంటూ ఒక మేనేజరు వచ్చాడు. "ఆ రోజుల్లో పటాలం కోట్లు చేత్తోనే కుట్టేవారటండీ. మిషన్లు వచ్చాక కూడా ఆ కుట్టు నిలవదని చాలామంది నమ్మలేదట. మాకూ చేతికుట్టే కావాలి" అన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. వేళ్ళు పుళ్ళు పడేలా కుట్టాం.

చివరి కోటు రఫీ అనే ఫైటర్‌ది. కొలత చూసుకోవడానికి వచ్చి, "గుర్రం నన్ను ఇసుకలో ఈడుస్తుందమ్మా. తాడు కొక్కెంతో కోటు చేతికే బిగిస్తారు. గుర్రం ఆగాక కొక్కెం నేనే విప్పుకుంటాను" అన్నాడు నవ్వుతూ. సూసన్నమ్మగారు నవ్వలేదు. అతను వెళ్ళగానే ఆ కోటు చేతులు రెండూ విప్పేశారు.

"అదేంటండీ, అంత కష్టపడి కుట్టాం కదా!" అన్నాను.

"మా ఆయన ఆటోనగర్‌లో ఇనుము తిప్పి చెక్కే లేతు మిషన్ మీద పనిచేసేవాడు. చొక్కా చెయ్యి తిరిగే ఇనుములో చిక్కుకుంది. నేను కుట్టిందేనే అది. కుట్టు తెగలేదు, మనిషినే లాక్కుపోయింది."

బియ్యం బస్తా మూతికి వేసే కుట్టు కొస లాగితే సర్రున ఊడిపోతుంది. ఆ కుట్టు వేసే పాత మిషన్ మీద సన్నదారంతో చేతులు అతికారు. కొస ముడి వెయ్యలేదు. "కొక్కెం రాకపోతే భుజం గుంజెయ్ బాబూ" అని రఫీకి చెప్పి పంపారు.

షూటింగ్ ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఇసుకలో. టపాకాయ పేలగానే గుర్రం బెదిరింది. అనుకున్న చోట ఆగకుండా రాళ్ళ వైపు పరుగెత్తింది. రఫీ కొక్కేన్ని పీకుతున్నాడు, రావడం లేదు. సూసన్నమ్మగారు నా మణికట్టు పట్టుకుని, "ఊడు... ఊడిపో..." అంటున్నారు, ప్రార్థనలా.

రఫీ భుజం గుంజాడు. ఊడింది. ఎర్రటి కోటు చెయ్యి ఒక్కటే తాడుకి వేలాడుతూ గుర్రం వెంట పోయింది. రఫీ దొర్లి, ఇసుక ఉమ్ముతూ లేచి కూర్చున్నాడు. మేనేజరు అటు పరుగెత్తాడు. సూసన్నమ్మగారు మాత్రం ఉన్నచోటే కూలబడ్డారు.

ఆవిడ పోయారు. షాపు నేను చూసుకుంటున్నాను. వర్క్‌షాపు వాళ్ళెవరొచ్చినా కొలతల కన్నా ముందు ఏ మిషన్ దగ్గర పని అని అడుగుతాను. లేతు అంటే చొక్కా చేతులు మోచేతికి పైనే కత్తిరిస్తాను. పొడుగే కావాలని పట్టుబడితే, బట్ట మడతపెట్టి వెనక్కి ఇచ్చేస్తాను.