ఒకటీ ముప్పావు టైరు

హోసూరు బస్టాండు ఇంకా నూరు అడుగుల దూరం ఉందనగా నా సైకిలు వెనక చక్రం ఢామ్మని పేలింది. బెంగళూరు బస్సు డ్రైవరు అద్దంలో నన్ను చూసి, కాస్త జాలిపడి, గేరు వేసి వెళ్ళిపోయాడు. ఆయన చేతికి ఇవ్వవలసిన కవరు నా జేబులోనే ఉండిపోయింది. మొదటిసారి నా పేరుతో అచ్చు కావలసిన వ్యాసం అందులో ఉంది.

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, తెలుగు దినపత్రికకు ఊరి విలేకరిగా కుదిరిన కుర్రాడికి జీతం తప్ప అన్నీ ఉండేవి (ముఖ్యంగా అభిప్రాయాలు). నాకు వీటికి తోడు ఒక చిన్న చక్రాల సైకిలు కూడా ఉండేది. బదిలీ అయిన ఫ్యాక్టరీ ఆఫీసరొకాయన వదిలేసి పోయినది. వెనక టైరు అరిగి నూలు బయటపడితే పురికొస మామ షాపుకు తీసుకెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నా ఆయనకు చదువు రాదు. ఒక్కో రకం రిమ్ము చుట్టుకొలతకు ఒక్కో పురికొస ముక్క కత్తిరించి, ముడివేసి, మేకుకు తగిలించుకునేవాడు. ఏ టైరు వచ్చినా దాని లోపలి అంచుకు ఆ పురికొస పెట్టి చూశాకే నమ్మేవాడు.

"నీ చక్రానికి ఆనేది ఈడ లేదప్పా. వారం ఆగు, బెంగళూరునించి తెప్పిస్తాను" అన్నాడు.

నేనాగుతానా? పాత టైరు మీద 20 x 1.75 అని ఉంది. కృష్ణగిరి వెళ్తే 20 x 1¾ దొరికింది. (రెండూ ఒకటేనని ఐదో తరగతి పిల్లవాడికి తెలుసు. నేను బి.ఏ.) తెచ్చి మామ ముందు పడేశాను. ఆయన అంకెల వైపు చూడనైనా లేదు, పురికొస పెట్టాడు. అది రెండు వేళ్ళు తక్కువ పడింది.

"టైరు పెద్దదప్పా."

"లెక్క అబద్ధం చెప్తుందా మామా?"

"లెక్క నువ్వు చదువుకున్నావు. రిమ్ము చదువుకోలేదే."

నేనే ఎక్కించాను. పనిముట్టు అవసరం లేకుండా చేత్తోనే ఎక్కింది. "చూడు, ఎంత సులువుగా ఎక్కిందో" అన్నాను.

"అదే నా బయం" అన్నాడు మామ.

ఇంటికొచ్చి ఆ ఊపులోనే వ్యాసం రాశాను. విషయం అక్షరాస్యత ఆవశ్యకత. ఉదాహరణ, అంకెలు చదవలేక పురికొసను నమ్ముకుని సరైన టైరును కాదన్న ఒక వృద్ధ మెకానిక్కు. చివరి వాక్యం బ్రహ్మాండంగా కుదిరింది (ఇప్పటికీ కంఠతా వచ్చు, చెప్పను). అదే టైరు మీద బస్టాండుకు బయలుదేరాను. వదులు టైరు అంచు దాటి ట్యూబు బుడగలా బయటికొచ్చింది. తర్వాతి సంగతి డ్రైవరు చూశాడు.

సైకిలు తోసుకుంటూ షాపుకు చేరాను. మామ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"బస్సు దొరికిందా?" అన్నాడు నా జేబులోని కవరు చూసి.

"లేదు."

"అంత అర్జెంటుగా ఏమి రాసినావప్పా?"

"వానల గురించి."

ఆయన బయటికి తొంగి ఎండను చూసి, "వానలా? యాడ?" అన్నాడు.

వారానికి సరైన టైరు వచ్చింది. చుక్క పెట్టి రాసిన 1.75, భిన్నంగా రాసిన 1¾ వేరువేరు రిమ్ములవని అప్పుడు తెలిసింది. మరుసటేడు పెద్దవాళ్ళకు చదువు చెప్పే తరగతులు పెడితే మామ అందరికంటే ముందు చేరాడు. ఇప్పుడు పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, నా తప్పులు నాకే చూపిస్తాడు. కృష్ణగిరి టైరు ఆయన షాపులో మేకుకు వేలాడుతోంది. కవరు నా బీరువాలో ఉంది. మొదటి వ్యాసమని చించలేకపోయాను. మొన్న కూడా అడిగాడు: "ఆ పొద్దు వానల గురించి రాసినావే, అది ఒకసారి చూపించప్పా. ఇప్పుడు నేనే చదువుకుంటాను."

వెతుకుతున్నానని చెప్పాను. ఇంకా వెతుకుతూనే ఉన్నాను.